వేరే కంచం అడగకు

చిరంజీవి చిన్నాకు, మామయ్య దీవెనలు.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉద్యోగం, చాంద్రాయణగుట్టలో గది అని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉత్తరాలు పంచుతూ నేను చెప్పులు అరగదీసిన వీధులవి. బార్కాస్ నీకు దగ్గరే. అక్కడి మండీ, అదే మాంసంతో వడ్డించే అరబ్బుల అన్నం, తినాలని ఉబలాటపడుతున్నావట. తిందువుగాని. ముందు ఒక రోజు తెల్లవారగానే లేచి (నీకు కష్టమే) హరీస్‌కు వెళ్లు.

గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి, మెత్తగా మెదిపి జావలా చేస్తారు. మన హలీమ్‌కు తాతలాంటిది. పప్పులు, మసాలాల ఆర్భాటం ఉండదు. "మీఠా? ఖారా?" అని అడుగుతారు. మీఠా అను. నెయ్యి, చక్కెర వేసి ఇస్తారు. మాంసంలో చక్కెరేమిటని మొదటి రోజు నేనూ ముఖం చిట్లించాను. మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్లాను. మటనా, పెద్ద మాంసమా అని ముందే అడుగు, అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు.

బార్కాస్ వాళ్ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరారు. వాళ్లున్న బ్యారక్స్ జనం నోట బార్కాస్ అయింది. 1948లో కొలువు పోయింది, ఊరు మిగిలింది. రంగుల లుంగీల్లో పెద్దవాళ్లు అరుగుల మీద కనిపిస్తే సలాం చెప్పు. "మీది ఏ దేశం?" అని మాత్రం అడగకు. తరతరాలుగా హైదరాబాదీలు వాళ్లు.

ఇక మండీ. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని అందులోనే తింటారు. ఒకసారి పెళ్లి విందుకు పిలిస్తే నేను వేరే కంచం అడిగాను. మారుమాట లేకుండా తెచ్చిచ్చారు. కానీ ఎదురుగా ఉన్న పెద్దాయన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే. నువ్వు ఆ పని చేయకు. కుడిచేత్తో, నీ వైపున్న అన్నమే కలుపుకో. మంచి ముక్కను ఎవరైనా నీ ముందుకు జరిపితే వద్దనకుండా తిను. ఫోటోలు తర్వాత.

రోజుకో హోటలు తిరగడం కన్నా ఒకే చోటికి పదిసార్లు వెళ్లు. నాలుగోసారికి నువ్వు చెప్పకుండానే టీ వస్తుంది, పదోసారికి అద్దె ఇళ్ల కబుర్లూ వాళ్లే చెబుతారు.

చలికాలంలో బార్కాస్ జామకాయలు బండ్ల మీదకు వస్తాయి. తోటలు చాలావరకు ఇళ్లయిపోయాయి కాబట్టి కనబడగానే కొను. వచ్చేటప్పుడు మీ అత్తయ్యకు రెండు కిలోలు తీసుకురా. గట్టివే ఏరు, పండినవాటిని ఆవిడ ముట్టదు.

మామయ్య