కథల పెట్టెతో ఊరూరా

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. పిల్లల కోసం రాసిన నా కథల పుస్తకం ఈమధ్యే అచ్చయింది. మీరు పుస్తకాలు వెంటబెట్టుకుని ఎన్నో బడులు తిరిగారు కదా, ఆ అనుభవాలు చెబుతారా? నాలాంటివారు బయలుదేరేముందు ఏం తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీకు నా అభినందనలు. మీరు తెనాలి నుంచి రాశారు కాబట్టి మీ వైపు సంగతే మొదట గుర్తుకొస్తోంది. పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. చదివేవారు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వారి రేవుకు వెళ్లాలని అనుకున్న మనిషి ఆయన. రెండు అట్టపెట్టెలతో ఆర్టీసీ బస్సెక్కిన ప్రతిసారీ నేను తలచుకునేది ఆ పడవనే.

నా మొదటి ప్రయాణం విజయవాడ పుస్తక మహోత్సవం ముగిసిన వారంలోనే సాగింది. ముందుగా మాట తీసుకుని వెళ్లిన ఒక బడిలో, ఆ రోజు పరీక్షలున్నాయని గేటు దగ్గరే చెప్పి పంపించేశారు. ఎండలో పెట్టెలు మోసుకుంటూ తిరిగొచ్చిన ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. అప్పటినుంచి ముందురోజు సాయంత్రం ప్రధానోపాధ్యాయులకు ఫోన్ చేయకుండా నేను ఇల్లు కదలను, మీరూ కదలకండి.

ఇక భాష సంగతి. సిద్దిపేట వైపు ఒక బడిలో కథ చదువుతూ ‘మొక్కజొన్న పొత్తు’ అన్నాను. పిల్లలు మొహాలు చూసుకున్నారు. వెనక నిలబడ్డ టీచర్ ‘మక్కకంకిరా’ అనగానే గది అంతా ఒక్కసారి తేలికపడింది. శ్రీకాకుళం వెళ్తే కథలోని పిల్లవాడు ‘గుంటడు’ అయ్యాడు. అచ్చులో ఉన్న మాట మార్చడం మొదట్లో నాకు కష్టంగానే అనిపించింది కానీ, తమ ఇంట్లో వినిపించే మాట కథలో వినబడినప్పుడు పిల్లలు ముందుకు జరిగి కూర్చోవడం చూశాక ఆ పట్టుదల వదిలేశాను. ఇప్పుడు కథ మొదలుపెట్టేముందే, ‘మీ ఊళ్లో దీన్నేమంటారు?’ అని వాళ్లనే అడిగి ఆ మాటతోనే చదువుతున్నాను.

పిల్లల చూపు ఎంత నిశితమైనదో కూడా ఈ ప్రయాణాల్లోనే తెలిసింది. కర్నూలు జిల్లాలో నాలుగో తరగతి అబ్బాయి ఒకడు నా పుస్తకంలోని బండి బొమ్మ మీద వేలు పెట్టి, ‘ఈ ఎద్దుకు ముకుతాడే లేదు, పగ్గం దేనికి కట్టినారు?’ అని అడిగాడు. రాసిన నేను, గీసిన చిత్రకారుడు, దిద్దిన సంపాదకులు, ఎవరమూ గమనించని సంగతి అది. రెండో ముద్రణలో ఆ ఎద్దుకు ముకుతాడు వేయించాను. కాబట్టి చదివి వినిపించాక వెంటనే లేచిపోకండి. పుస్తకాన్ని వాళ్ల చేతుల్లో పెట్టి, మీరు కాసేపు పక్కన కూర్చోండి. ఉపన్యాసం అక్కర్లేదు, ఒక కథ చాలు.

ప్రశ్న: ఇలా తిరిగితే దారి ఖర్చులైనా వస్తాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలాసార్లు రావండి. డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన వంటి చోట్ల అమ్మకం బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి పెద్దవాళ్లు కొనాలనే వస్తారు. బడి సంగతి వేరు. ఒకసారి కథ అయిపోయాక ఒక పాప మడతలు పడిన పది రూపాయల నోటు చూపించి, ‘దీనికి ఎన్ని పేజీలిస్తారు?’ అని అడిగింది. పుస్తకం ఆ పాపకే ఇచ్చాను కానీ, ఆ వరసలో ఏమీ అడగకుండా తలవంచుకుని కూర్చున్న మిగతా పిల్లల మొహాలు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ తర్వాత తరగతి గదిలో అమ్మడం పూర్తిగా మానేశాను. వెళ్లిన ప్రతి బడిలో రెండు ప్రతులు ఇచ్చి, బీరువాలో పెట్టి తాళం వేయకుండా కిటికీ దగ్గర తాడు కట్టి వేలాడదీయమని టీచర్లను అడిగి వస్తున్నాను.