జేఎన్‌టీయూ అంటే హైదరాబాదేనా? మిగతావన్నీ బ్రాంచీలేనా?

"మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ సీటు వచ్చేలా ఉంది. అసలు క్యాంపస్ హైదరాబాదులో ఉంది కదా, ఈ బ్రాంచిలో చేర్చొచ్చా?" అని ఒకరు అడిగారు. జేఎన్‌టీయూ అంటే జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ.

నిక్షేపంగా చేర్చండి. కానీ ఆ ‘బ్రాంచి’ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నేను అదే కాలేజీలో అదే మెకానికల్ చదివాను. చదువయ్యాక బెంగళూరులో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, నా సర్టిఫికెట్లు తిరగేసిన పెద్దమనిషి "జేఎన్‌టీయూ అంటే కూకట్‌పల్లిదేగా?" అన్నాడు. కాదు సార్, అనంతపురం అన్నాను. "ఓహో, అఫిలియేటెడా" (అంటే యూనివర్సిటీ సొంతది కాదు, దానికి అనుబంధంగా ఉన్న కాలేజీ అని) అంటూ నా కాగితాలు పక్కన పెట్టేశాడు. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు.

అనంతపురం కాలేజీ 1946లో మద్రాసు ప్రభుత్వం పెట్టింది. మొదట క్లాసులు మద్రాసులోని గిండీలో జరిగాయి, 1948లో అనంతపురానికి వచ్చింది. కాకినాడది కూడా 1946లోనే మొదలైంది. అప్పట్లో దాని పేరు వైజాగపట్నం ఇంజనీరింగ్ కాలేజీ, తర్వాత కాకినాడకు మారింది. మరి హైదరాబాదుది? 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. మూడింట్లో చిన్నది అదే! ఈ మూడింటినీ, హైదరాబాదులోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీనీ కలిపి 1972 అక్టోబరు 2న యూనివర్సిటీ చేశారు. అంటే పిల్లలు ముందు పుట్టి, తల్లి తర్వాత పుట్టింది. అంతకుముందు మా సీనియర్ల పట్టాలు తొలుత మద్రాసు యూనివర్సిటీవి, ఆ తర్వాత శ్రీవేంకటేశ్వరవి. ఆఫీసు రాజధానిలో పెట్టినంత మాత్రాన మిగతావి బ్రాంచీలైపోతాయా?

ఇక చదువు సంగతి. నన్నడిగితే ఏ కాలేజీనైనా వర్క్‌షాపుని బట్టే అంచనా వెయ్యాలి. ఫస్టియర్‌లో మాకు ఫిట్టింగ్ షాపు, అంటే లోహపు ముక్కల్ని చేత్తో రుద్ది సరిచేసే చోటు. ఎంఎస్ (మెత్తటి ఉక్కు) ప్లేటు ముక్క ఇచ్చి, నాలుగు అంచులూ కచ్చితంగా తొంభై డిగ్రీలు రావాలన్నారు. వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్దడమే పని. ఎండాకాలం మధ్యాహ్నం, పైన రేకులు, అరచేతులు బొబ్బలెక్కాయి. అయిపోయిందనుకుని ఆ ముక్క తీసుకెళ్ళాను. సార్ ఏమీ మాట్లాడకుండా ట్రై స్క్వేరు (తొంభై డిగ్రీలు సరిచూసే మూలమట్టం) ఆనించి, కిటికీ వైపు ఎత్తి, నన్ను పక్కకు పిలిచి చూపించారు. ప్లేటుకీ స్క్వేరుకీ మధ్య ఒక మూల సన్నగా వెలుతురు గీత. "వెలుతురు వస్తాంది చూడప్పా. ఇంగొంచెం రుద్దు" అన్నారు. రుద్దాను. మళ్ళీ తీసుకెళ్తే గీత రెండో మూలకు మారింది! ఆ మూల సరిచేస్తే ఈ మూల పోతుంది. చివరికి ఏ మూలా వెలుతురు రాని రోజు సార్ దాని మీద నా రోల్ నంబరు పంచ్ కొట్టించారు. టాలరెన్స్ అంటే, కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో, నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. తర్వాత ఉద్యోగంలో మిషన్ షాపు డ్రాయింగు చేతికొచ్చిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ వెలుతురు కోసమే వెతికాయి.

ఇప్పుడు పిల్లలందరూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఈ అని పరుగు. మెకానికల్, సివిల్ సీట్లు ఖాళీగా మిగిలిపోతుంటే కడుపు మండుతుంది. వంతెనలు ఎవరు కడతారండీ, పంపులు ఎవరు చేస్తారు?

ఇంకో బాధ, అఫిలియేషన్ గోల. వందల ప్రైవేటు కాలేజీలు జేఎన్‌టీయూ కింద చేరాక పేరు ఒక్కటే అయిపోయింది, సొంత కాలేజీలకీ వాటికీ తేడా బయటివాళ్ళకి తెలియకుండా పోయింది. 2008లో యూనివర్సిటీని హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని విడదీసి, ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్‌కి వేరే యూనివర్సిటీ ఇచ్చారు. రాష్ట్రం ఆరేళ్ళ తర్వాత విడిపోయింది గానీ, మా యూనివర్సిటీ ముందే విడిపోయింది. నా దృష్టిలో అది మంచికే జరిగింది, మా ఊరికి సొంత పేరు వచ్చింది. 2022లో విజయనగరానికి గురజాడ పేరుతో ఇంకోటి వచ్చింది. అటు జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, ఇటు పులివెందుల, కలికిరి, నరసరావుపేట అని కాలేజీలు పెరిగాయి. పెరగనివ్వండి, పల్లె పిల్లలకి దగ్గరవుతాయి. కానీ బోర్డు కంటే ముందు లేత్ మిషను, దాన్ని నడిపి చూపించే మనిషి రావాలి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు పూర్తిగా చదవండి. ‘జేఎన్‌టీయూఏ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్’ అని ఉంటే (చివరి ‘ఏ’ అంటే అనంతపురం) అది యూనివర్సిటీ సొంతది. అలా లేకపోతే అఫిలియేటెడ్ కాలేజీయేమో కనుక్కోండి. వీలైతే మీ అబ్బాయిని తీసుకుని ఒకసారి అనంతపురం వెళ్ళి, వర్క్‌షాపు చూపించమని అడగండి. సీఎస్‌ఈ రాలేదని మాత్రం ఆ మెకానికల్ సీటు వదులుకోకండి.