పాత కిటికీల రంగు గీకించే ముందు పెయింటరుతో ఏం మాట్లాడుకోవాలి?

విశాఖ మహారాణిపేటలో నలభై ఏళ్ల నాటి ఇల్లు, ఇంట్లో రెండేళ్ల పాప, కిటికీలూ గ్రిల్సూ గీకించి రంగు వేయించాలి, పాత రంగుల్లో ఉండే విషపు లోహం సీసం (లెడ్) గురించి మనకి రూల్స్ ఉన్నాయా అని ఒకరు అడిగారు.

ఉన్నాయండీ, కానీ అవి కొత్త డబ్బాకే. 2016లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 2017 నవంబరు నుంచి ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదు. మీ కిటికీ మీద ఎప్పుడో వేసిన పొరల్ని ఎలా గీకాలో అందులో లేదు. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్లలో ఇలాంటి పని కూలికి చేసేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి. ఇక్కడ ఆ జాగ్రత్తలన్నీ మనమే బేరం కుదిరేటప్పుడు మాట్లాడుకోవాలి.

మా నాన్నగారి ఇంటికి ఈమధ్యే ఈ పని చేయించాం. సముద్రపు గాలికి గ్రిల్స్ తుప్పు పట్టడం, పాత రంగు మీదే మళ్లీ రంగు కొట్టించడం మన ఊళ్లో మామూలే కదా, పొరలు అట్ట కట్టేశాయి. పెయింటరు గ్రైండరు పట్టుకొచ్చాడు. వద్దన్నాను. గ్రైండరైనా, పొడిగా రుద్దే ఎమ్రీ పేపరైనా సీసాన్ని సన్నటి దుమ్ము చేసి ఇల్లంతా పరుస్తాయి. బ్లో ల్యాంపుతో కాలిస్తే విషపు పొగ. నీళ్లు చిలకరించి, తడి మీదే గీకించాం. పని నెమ్మదిగా సాగింది, కూలీ ఎక్కువైంది, ఇవ్వాల్సిందే. అతనికీ మాస్కు ఇచ్చి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే భోజనం చేయమన్నాం. ఆ బట్టలతోనే అతను తన పిల్లల్ని ఎత్తుకుంటాడు, అది కూడా మనం పట్టించుకోవాలి.

సున్నం, డిస్టెంపరు వేసిన గోడల కంటే ఎనామెల్ వేసిన తలుపులు, కిటికీలు, గ్రిల్స్ దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం క్రోమేటు వాడేవారు. పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్నచోట గీకించకండి, దాని మీదే కొత్త కోటు వేయించండి.

పని జరిగినన్నాళ్లూ పాపని అమ్మమ్మగారింటికి పంపేయండి. ఇంట్లో గర్భిణులుంటే వాళ్లనీ. గది తలుపు మూసి, కింద టార్పాలిన్ పరిపించండి. చీపురు పట్టనివ్వకండి, తడిగుడ్డతోనే తుడవాలి. పెచ్చులన్నీ సంచిలో కట్టించండి, పెరట్లో మట్టిలో పారబోయనివ్వకండి.

ఇప్పటికే కొంత గీకించేసి ఉంటే, పిల్లల డాక్టరుకి విషయం చెప్పి పాప రక్తంలో సీసం పరీక్ష చేయించండి. లక్షణాలు కనిపించేదాకా ఆగకండి, చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనపడదు.