ఎమ్మారైలో "మెదడు కుంచించుకుపోయింది" అని రాస్తే మతిమరుపు మొదలైనట్టేనా?

మీ ప్రశ్న చదవగానే రెండేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. మీ నాన్నగారికి 71 ఏళ్లు, తలనొప్పి అంటే ఎమ్మారై తీయించారు, రిపోర్టులో వయసు వల్ల మెదడు కుంచించుకుపోయిందని ఉంది, మనిషి మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు, ఇది మతిమరుపు జబ్బుకి మొదలా, ఏడాది ఆగి మళ్లీ స్కాన్ తీయించాలా అని కదా అడిగారు. నేను డాక్టర్ని కాదండి. కాకపోతే ఇదే ముక్క పట్టుకుని మా అమ్మ విషయంలో మేం మూడు నెలలు చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, అది చెబుతాను. ఆ తర్వాత కూర్చుని చదివి తెలుసుకున్నదీ చెబుతాను.

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్న పోయినప్పటి నుంచి కొబ్బరితోట లెక్కంతా అమ్మదే. ఎన్ని కాయలు దిగాయి, దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత, ఏ వర్తకుడు ఎంత బాకీ, అన్నీ ఒక ఎర్రట్ట పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటుంది. చదివింది ఐదో తరగతి. అప్పటికి ఆవిడకి 72 ఏళ్లు. ఒకరోజు పొద్దున్నే మంచం మీంచి లేస్తూనే కళ్లు తిరిగి పడిపోయింది, తల గుమ్మానికి తగిలింది. స్కాన్ చేయిస్తే దెబ్బ వల్ల ఏమీ కాలేదన్నారు. బీపీ మాత్ర డోసు ఎక్కువై, లేవగానే బీపీ పడిపోతోందని తేలింది, మాత్ర మార్చారు. అక్కడితో అయిపోవాలి. కానీ రిపోర్టు చివర మెదడు కుంచించుకుందనీ, సన్న రక్తనాళాల దగ్గర తెల్ల మచ్చలున్నాయనీ రెండు లైన్లు ఉన్నాయి కదా. నేను దాన్ని ఫొటో తీసి డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్ చేశాను. అదే నేను చేసిన తప్పు. వాడు రాత్రంతా గూగుల్ చేసి తెల్లారేసరికి "అక్కా, అమ్మకి ఇంక లెక్కలు అప్పగించకు, పొయ్యి దగ్గరికి కూడా ఒంటరిగా వెళ్లనివ్వకు" అన్నాడు.

రిపోర్టు అమ్మ ముందే చదివాం, అది ఇంకో తప్పు. ఆవిడ ఓ నిమిషం ఊరుకుని, "అయితే నా బుర్ర కురిడీ కాయ అయిపోయిందంటారా?" అంది. అటక మీద నెలల తరబడి ఉంచిన కాయలో నీరు ఇంకిపోయి, గుడ్డు చిప్పని వదిలేసి, ఊపితే గలగలమంటుంది చూడండి, అదే కురిడీ. నిజానికి స్కాన్ ఫిల్ములో కనిపించేది కూడా ఇంచుమించు అలాంటిదే, పుర్రెకీ మెదడుకీ మధ్య సందు కాస్త పెరిగి ఉంటుంది. మేం నవ్వేశాం. ఆవిడ నవ్వలేదు.

ఎర్రట్ట పుస్తకం నేను తీసేసుకున్నాను. తమ్ముడు ఏదో యాప్‌లో లెక్కలు పెట్టాడు. మూడు నెలల్లో అమ్మ టీవీ ముందు కూర్చునే మనిషి అయిపోయింది, అడిగితే తప్ప మాట్లాడదు, పక్కింటావిడ పేరు తడుముకుంటే చాలు "చూశావా, మొదలైంది" అంటుంది. మేమూ అలాగే అనుకున్నాం, ఇంకేముంది, రిపోర్టు నిజమవుతోందని.

అప్పుడు కాకినాడలో ఒక న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫిల్మ్ పక్కన పెట్టి అమ్మతో మాట్లాడారు. గడియారం బొమ్మ గీయమన్నారు, గీసింది. వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్లమన్నారు. మామూలుగా ఐదుసార్లు చెప్తే చాలట. ఈవిడ తొంభైమూడు, ఎనభైఆరు, డెబ్భైతొమ్మిది అంటూ ఆగకుండా పోయి పోయి, "చివర్లో రెండు మిగిలాయండి, ఏం చేయమంటారు?" అంది. డాక్టర్ కూడా నవ్వేశారు. తర్వాత ఐదు మాటలు చెప్పి వెంటనే తిరిగి చెప్పమంటే రెండు తప్పు చెప్పింది. నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం మొహానికున్న మాస్కు తీసి, వేరే ఐదు మాటలు కాస్త గట్టిగా చెప్పారు. ఐదూ చెప్పింది, కాసేపాగి అడిగితే నాలుగు గుర్తున్నాయి. "ఈవిడకి సరిగ్గా వినపడటం లేదమ్మా, విననిది ఎలా గుర్తుంటుంది?" అన్నారు. చెవి పరీక్షలో రెండు చెవులకీ వినికిడి తగ్గిందని వచ్చింది, రక్తపరీక్షలో బి12 తక్కువ ఉంది. మరి మెదడు కుంచించుకోవడం సంగతేంటండీ అంటే, ఈ వయసులో అలా రాయకపోతేనే ఆశ్చర్యం అన్నారు.

ఆ తర్వాత నేను చదివింది చెబుతాను. అరవై దాటాక ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా మెదడు ఏటా సుమారు అర శాతం తగ్గుతుంది, జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం ఇంకొంచెం వేగంగా తగ్గుతుంది. తెల్ల మచ్చలు కూడా ఆ వయసులో చాలామందికి ఉంటాయి, వాటిని ఫజేకాస్ స్కేల్ మీద 0 నుంచి 3 దాకా లెక్కేస్తారు, మీ రిపోర్టులో 1 అని ఉంటే ఊరికే కంగారు పడకండి, బీపీ, షుగరు మాత్రం చూసుకోండి. అసలు మెదడు సైజుకీ తెలివికీ ఉన్న లంకె మనం అనుకున్నంత గట్టిది కాదు. బోలెడు అధ్యయనాలు కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం మనిషికీ మనిషికీ తెలివిలో ఉన్న తేడాలో ఆరు శాతం దరిదాపులే సైజు చెప్పగలదు. లంకె లేదని కాదు, ఉంది, కానీ ఒక మనిషి ఫిల్మ్ చూసి ఆ మనిషి లెక్కలు చేయగలదా లేదా అని చెప్పేంత లేదు.

నాకు బాగా నచ్చింది స్కాట్లాండ్ వాళ్ల కథ. 1947 జూన్ 4న ఆ దేశంలో 1936లో పుట్టిన పిల్లలు దాదాపు అందరికీ, అంటే సుమారు 70 వేల మందికి, బడిలో ఒకేరోజు ఒకే తెలివి పరీక్ష పెట్టారు. ఆ కాగితాలు దాచి ఉంచారు చూడండి, అదీ గొప్ప. ఇయన్ డియరీ అనే ఆయన బృందం ఎడిన్‌బరో చుట్టుపక్కల ఉన్న 1,091 మందిని పట్టుకుని, వాళ్లకి డెబ్భై వచ్చాక మళ్లీ అదే పరీక్ష పెట్టింది, 73 దగ్గర స్కాన్లు తీసింది. డెబ్భైలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాలో దగ్గరదగ్గర సగం పదకొండేళ్లప్పుడే ఉందట! మెదడు పైపొర మందంగా ఉన్నవాళ్లు ముసలితనంలో చురుగ్గా ఉన్నారు అనేదాంట్లో కూడా ఎక్కువ భాగం చిన్నప్పటి తేడాయే. అంటే ఇవాళ తీసిన ఒక్క ఫొటో చూసి ఇది తరిగిపోయిన మెదడా, మొదటి నుంచీ ఇంతేనా అన్నది చెప్పలేం. మా అమ్మకి ముప్ఫై ఏళ్లప్పుడు ఎవరూ స్కాన్ తీయలేదు కదా, దేనితో పోలుస్తాం?

అటువైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడు 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద చేసిన అధ్యయనంలో, 101 ఏళ్లు బతికిన సిస్టర్ మేరీ చివరిదాకా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారు, చనిపోయాక చూస్తే మెదడు నిండా అల్జీమర్స్ గుర్తులే. చెడినా పని నడిపించే ఈ నిల్వబలాన్ని పెంచేవాటిలో రెండో భాష కూడా ఒకటి అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని చూసి, రెండో భాష వచ్చినవాళ్లకి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో రాశారు, చదువు రానివాళ్లలో కూడా. అంతమాత్రాన రేపటి నుంచి మీ నాన్నగారికి స్పానిష్ యాప్ పెట్టకండి, వాళ్లవి ఏళ్ల తరబడి రోజూ వాడుకున్న భాషలు. మా అమ్మకి తెలుగు తప్ప రాదు, కాబట్టి ఈ ఖాతాలో ఆవిడకి పడేదేం లేదు.

నడక గురించి అందరూ చెప్తారు. 2011లో 120 మంది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగంలో ఏడాది నడిచినవాళ్లకి హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగిందన్నది ఎక్కడ చూసినా కనిపిస్తుంది. కానీ జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు నడిచినవాళ్లకీ, ఊరికే ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకీ కూడా పెరిగాయి. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు! నడవమనే చెబుతాను, బీపీకైనా మంచిది. చెవి మిషన్ల మీద కూడా 2023లో దాదాపు వెయ్యి మందితో ఒక పరీక్ష వచ్చింది, మొత్తం మీద చూస్తే తేడా రాలేదు, గుండెజబ్బు రిస్కు లాంటివి ఎక్కువున్న గుంపులో మాత్రం మూడేళ్లలో జ్ఞాపకం, ఆలోచన తగ్గే వేగం దాదాపు సగానికి సగం నెమ్మదించింది. మాకు అంత లెక్క అక్కర్లేకపోయింది, మిషన్ పెట్టుకున్న వారానికే అమ్మ ఫోన్లో తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

మీరు చూడాల్సింది నాన్నగారిని ఆయనతోనే పోల్చి. పేరు తడుముకుని సాయంత్రానికి గుర్తు తెచ్చుకుంటే అది వయసు. పది నిమిషాల్లో అదే ప్రశ్న మూడుసార్లు అడగడం, రోజూ వెళ్లే వీధిలో దారి తప్పడం, కట్టిన బిల్లే మళ్లీ కట్టడం, నలభై ఏళ్లు చేసిన పని వరసలో తేడా రావడం, ఇవి కనిపిస్తే స్కాన్‌లో ఏముందీ లేదన్నది పక్కనపెట్టి వెంటనే చూపించండి. వెళ్లినప్పుడు బి12, థైరాయిడ్, వినికిడి, నిద్రమాత్రల సంగతి అడగండి, దిగులు సంగతి కూడా. మా అమ్మకి ఆ మూడు నెలలు ఉన్నది దిగులేనని డాక్టర్ చెబితేగానీ మాకు తట్టలేదు.

పుస్తకం ఆ రోజే తిరిగి ఇచ్చేశాను. మొన్న దింపుకి 1,340 కాయ వచ్చింది, వెయ్యికి 11,500 చొప్పున. వర్తకుడు ఫోన్ తీసి నొక్కుతుంటే అమ్మ అరుగు మీంచే "పదిహేను వేల నాలుగొందల పది" అంది, అతను ఒకసారి తప్పు నొక్కి మళ్లీ నొక్కుకున్నాడు.

మళ్లీ స్కాన్ విషయానికొస్తే, మనిషిలో మార్పు లేకుండా ఊరికే తీయించొద్దని మా డాక్టర్ చెప్పారు, మేం తీయించలేదు. మీరు ఆ పాత ఫిల్మ్ మాత్రం పారేయకుండా దాచండి, ఎప్పుడైనా అవసరమొస్తే పోల్చుకోవడానికి అదొక్కటే ఉంటుంది. నాన్నగారికి కనిపించని చోట దాచండి.