శ్రీకాకుళం, విజయనగరం వైపు మాజీ సైనికులకి పెయిన్ డాక్టరుగా పనిచేయాలంటే ఏమేం తెలిసుండాలి?

మీరడిగింది ఇదీ: ఎండీ అనస్థీషియా అయిపోవస్తోంది, పెయిన్ మెడిసిన్ చేసి సొంత జిల్లాలోనే ఉండాలనుంది, ఇక్కడ మిలట్రీలో చేసి వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు కాబట్టి వాళ్లతో ప్రాక్టీసు నడుస్తుందా, పని ఎలా ఉంటుంది అని. నడుస్తుంది. కాకపోతే ఫెలోషిప్‌లో నేర్పేది ఎక్కువగా సూది పని. ఇక్కడ సగం పని సూది పట్టకముందే ఉంటుంది.

ఉద్యోగం సంగతి ముందు చెప్పేస్తాను. ఎఫ్‌ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే ఫెలోషిప్) పెయిన్ మెడిసిన్ రెండేళ్లు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కిందే మాజీ సైనికుల వైద్యం నడుస్తుంది గానీ, పాలీక్లినిక్‌లో పెయిన్ స్పెషలిస్టు పోస్టు ఉండదు. మెడికల్ ఆఫీసర్ చూసి రిఫరల్ రాస్తే ఎంప్యానెల్ అయిన, అంటే పథకం జాబితాలో ఉన్న, ఆసుపత్రికి వస్తారు. అంటే మీరు ఆ ఆసుపత్రిలో ఉండాలి. బిల్లు సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) రేట్ల మీద. లిస్టులో లేని ప్రొసీజర్‌కి ముందే అనుమతి తెచ్చుకోవాలి, చేశాక అడిగితే ఆ డబ్బు మర్చిపోవచ్చు. సీ-ఆర్మ్ (సూది వేసేటప్పుడు చూసే ఎక్స్‌రే మెషిన్) వాడేచోట ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉందో లేదో చేరకముందే అడగండి. అప్పు చేసి ఆర్‌ఎఫ్ మెషిన్ (నరాన్ని వేడితో కాల్చేది) కొనేయడం మాత్రం మొదటి ఏడాది వద్దు.

ఇక అసలు పని. మొదటి విజిట్‌లో ఎమ్మారై ఫిల్ము పక్కన పెట్టి, మందుల సంచి బల్ల మీద బోర్లించమనండి. అందులో పాలీక్లినిక్ మాత్రలుంటాయి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి ఉంటాయి, మందుల షాపువాడు చీటీ లేకుండా కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్కలుంటాయి. పేర్లు వేరు, లోపల మందు ఒకటే. ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అది చాలక పారాసిటమాల్ 650 నాలుగుసార్లు. కలిపితే పారాసిటమాల్ ఒక్కటే 3,250 మిల్లీగ్రాములు. 50 కిలోల బరువుండే పెద్దాయనకి, అందులోనూ సాయంత్రం ఒక పెగ్గు వేసుకునేవాడికి, ఇది లివర్ మీద భారం. నా లెక్కలో తాగేవాళ్లకి రోజుకి 2 గ్రాములు దాటకూడదు.

అంతకంటే ప్రమాదం బీపీ మాత్ర దగ్గరుంటుంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర చాలామంది వాడుతుంటారు. దాని మీద డైక్లోఫెనాకో, ఎటోరికాక్సిబో లాంటి నొప్పి మాత్ర పడితే మూడూ కలిసి కిడ్నీకి రక్తం వెళ్లే దారిని మూడువైపులా నొక్కుతాయి. ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోయినరోజున, విరేచనాలు పట్టుకున్నరోజున క్రియాటినిన్ (కిడ్నీ పని చెప్పే రక్తపరీక్ష అంకె) ఒక్కసారిగా పెరిగేది ఇలాగే.

ఉద్దానం వాళ్లయితే ఈ మాట పదింతలు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చిన ఎవరికైనా, వయసు 40 అయినా సరే, సీరం క్రియాటినిన్ చూడకుండా అలాంటి నొప్పి మాత్ర రాయకండి. అక్కడి కిడ్నీ జబ్బుకి సుగరు, బీపీ ఉండాలని లేదు. కాళ్ల వాపు రాదు, యూరిన్‌లో ప్రొటీన్ పెద్దగా పోదు, మనిషి బాగానే తిరుగుతుంటాడు. సర్వీసులో ఉండగా ఏటా జరిగిన మెడికల్‌లో అన్నీ నార్మలే కాబట్టి తనకేమీ లేదనే ధీమా. రిటైరయ్యాక ఊరొచ్చి కొబ్బరితోట, జీడితోట పనిలో పడతాడు, నడుంనొప్పికి రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. ల్యాబు కాగితం మీద క్రియాటినిన్ 1.4 చూసి కొంచెమే ఎక్కువ అనుకుంటే పొరపాటే. 60 ఏళ్ల మగవాడికి అది ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క) 60 లోపు. 2.0 అయితే 37 దగ్గరకి దిగిపోయినట్టే. 60 లోపు ఉంటే ఈ నొప్పి మాత్రలు ఎక్కువకాలం వద్దు, 30 లోపైతే అసలే వద్దు. అలాంటివాళ్లని పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆసుపత్రికి చీటీ రాసి పంపండి. నోటిమాటగా చెబితే వెళ్లరు.

మాత్ర మానేయమని వట్టి చేతుల్తో పంపితే వారం తిరక్కుండా మళ్లీ షాపుకే వెళ్తారు. కాబట్టి బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చు. చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్లేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్‌ఆర్ 30 లోపుంటే అదీ వద్దు. పారాసిటమాల్ 650 మూడుపూటలా, మధ్యలో ఆరేసి గంటలు. తొడ కండకి వ్యాయామం: వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా అడుగెత్తు లేపి 5 సెకన్లు ఆపడం, పదేసి చొప్పున మూడు విడతలు. పరేడ్‌కి అలవాటు పడ్డ మనుషులు కదా, లెక్క కట్టి చెబితే ఇది మాత్రం తప్పకుండా చేస్తారు.

నరం నొప్పి మందులకీ కిడ్నీ లెక్క ఉంది. ప్రీగాబలిన్ మామూలుగా 75 రెండుపూటలా మొదలుపెట్టేది, ఈజీఎఫ్‌ఆర్ 30కీ 60కీ మధ్యనుంటే రాత్రి ఒక్క 75తోనే మొదలుపెట్టాలి. ఎక్కువైతే తూలి పడతారు, పాదాలు వాస్తాయి. ఆ వాపు మందుదో కిడ్నీదో తేల్చలేక మీరే తల పట్టుకుంటారు. అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట చౌకైన మంచి మందే, కానీ ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకిస్తే తెల్లారేసరికి మూత్రం ఆగిపోయి కాథెటర్ పడొచ్చు. రాసేముందు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో అడగండి, ఈసీజీ ఒకటి చూడండి. డులోక్సెటిన్ ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు వద్దు.

రెండో చిక్కు, వీళ్లు నొప్పి చెప్పరు. సున్నా నుంచి పదిలో ఎంత అంటే "ఏటీ లేదు బాబూ, కొంచెం పీకుతుందంతే" అని రెండు చూపిస్తారు. సిక్ రిపోర్టు చేస్తే పనికి ఎగనామం పెట్టినట్టు చూసేచోట ఇరవయ్యేళ్లు గడిపినవాళ్లు మరి. అందుకని అంకె అడగడం మానేసి పని అడగండి. ఆర్టీసీ బస్సు మెట్టు ఏ కాలితో ఎక్కుతున్నారు? దొడ్లో కిందకి కూర్చుని లేవగలుగుతున్నారా? పొలం గట్టు మీద ఎంతదూరం నడిచి ఆగిపోతున్నారు? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? పక్కనున్న అమ్మగారిని ఇవే ప్రశ్నలు విడిగా అడిగితే జవాబులు వేరుగా ఉంటాయి. ఆవిడ మాటే రాసుకోండి. పీఈజీ స్కేలులో మూడే ప్రశ్నలు: వారంలో సగటు నొప్పి, సరదాకి ఎంత అడ్డం, పనికి ఎంత అడ్డం. ప్రతి విజిట్‌లో అదే కాగితం నింపిస్తే మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

నొప్పి జాతి కూడా మాటల్లోనే దొరుకుతుంది. సలుపు, పోటు అంటే ఒక దారి. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు అంటే నరం దారి. నరం నొప్పిని గుర్తించే డీఎన్4 పట్టీలో పది అంశాలకి నాలుగొస్తే నరం నొప్పి కిందే లెక్క. మంచుకొండల మీద చేసినవాళ్లకి చలికి వేళ్లు పోకపోయినా పాదాల మంట ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మన ఊళ్లో చలెక్కడిది అనుకోవద్దు. ఏసీ గదిలో కూర్చోబెట్టినా, ధనుర్మాసం తెల్లవారుజామున గచ్చు మీద అడుగుపెట్టినా అందుకుంటుంది. వాళ్లని సుగరు నరాల జబ్బు కింద జమకట్టేముందు ఎక్కడ డ్యూటీ చేశారో డిశ్చార్జి బుక్కు తీయించి చూడండి.

కాలు పోయినవాళ్ల దగ్గర రెండు నొప్పుల్ని కలిపేయకండి. తీసేయగా మిగిలిన మొండికాలి దగ్గర నొప్పి వేరు, లేని పాదంలో నొప్పి వేరు. మొండికాలి మీద వేలితో తడితే ఒక్కచోట జివ్వుమంటే న్యూరోమా (తెగిన నరం కొన గడ్డకట్టడం). అలా కాకుండా కృత్రిమ కాలు తొడిగినప్పుడే నొప్పి, చర్మం కందిపోవడం ఉంటే కారణం సాకెట్టు (మొండికాలు దూరే తొడుగు). మొండికాలి కండ కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది, సాకెట్టు వదులై ఎముక కొనకి కొడుతుంది. దానికి ప్రీగాబలిన్ ఎంత పెంచినా దండగే. కొలతలు మళ్లీ తీయించి సాకెట్టు మార్పించాలి, పుణే ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కాలు పెట్టించుకున్నవాళ్లయినా సరే.

లేని పాదంలో నొప్పికి అద్దం వైద్యం చేయించండి. వి.ఎస్. రామచంద్రన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2007లో అమెరికా వాల్టర్ రీడ్ మిలట్రీ ఆసుపత్రి వాళ్లు రోజుకి 15 నిమిషాలు, నాలుగు వారాలు చేయించి ఫలితం చూపించారు. మోకాలి నుంచి వేళ్ల దాకా కనిపించేంత అద్దం కావాలి, బీరువా అద్దం ముక్క సరిపోతుంది. అంచులకి ప్లాస్టర్ చుట్టించండి, లేకపోతే తొడ కోసుకుంటుంది. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, అద్దం రెండు తొడల మధ్య నిలబెట్టి, మొండికాలు అద్దం వెనక దాచాలి. ఉన్న కాలి పాదాన్ని నెమ్మదిగా వంచుతూ, తిప్పుతూ, అద్దంలోని కాలినే చూడాలి. లుంగీ, కట్టు, చెప్పు ఏదీ అడ్డం ఉండకూడదు. కొందరికి మొదటిరోజు తల తిరుగుతుంది, కొందరు ఏడుస్తారు. అప్పుడు ఆపేసి మర్నాడు 5 నిమిషాలతో మొదలుపెట్టించండి. వారానికి మానేస్తే ఏమీ తెలియదని ముందే గట్టిగా చెప్పాలి.

సూది పని గురించి మీకు తెలిసిందే కాబట్టి, తేడా వచ్చే చోట్లు మాత్రం చెప్తాను. మోకాలి జెనిక్యులర్ ఆర్‌ఎఫ్‌లో (మోకాలి నొప్పి మోసే నరాల్ని కాల్చడం) మూడు నరాలకి పరీక్ష బ్లాకు (ముందుగా వేసి చూసే తిమ్మిరి మందు) ఒక్కోచోట 1 మిల్లీలీటరు దాటనివ్వకండి. ఎక్కువ పోస్తే మందు పక్కకి పాకి, నరం కాకపోయినా ఉపశమనం వస్తుంది. అది నమ్మి 80 డిగ్రీల్లో 90 సెకన్లు కాల్చినా లాభముండదు. బ్లాకుకి నొప్పి సగానికి సగం తగ్గితేనే ముందుకెళ్లండి. మోకాలి కింద బయటివైపు నరం జోలికి పోకండి, పెరోనియల్ నరం దగ్గరుంది, అది కాలితే పాదం వాలిపోతుంది. కాల్చిన నరం మళ్లీ పెరుగుతుందనీ, ఆరు నెలలకో ఏడాదికో నొప్పి తిరిగి రావచ్చనీ ముందే చెప్పండి. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ (వెన్నులో వేసే సూది) ఇచ్చాక సుగరు కొన్నిరోజులు ఎక్కుతుంది, గ్లూకోమీటరు ఇంట్లో ఉందో లేదో కనుక్కోండి. స్టెంటు వేయించుకున్నవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ని గుండె డాక్టరు ఒప్పుకోకుండా మీరు ఆపించకండి. మెడలో నరం బయటికొచ్చే రంధ్రం దగ్గర వేసే ట్రాన్స్‌ఫోరామినల్ సూదిలో ట్రయామ్‌సినలోన్ లాంటి రేణువుల స్టెరాయిడ్ వద్దేవద్దు.

ట్రమడాల్ (నల్లమందు జాతి నొప్పి మందు) దగ్గర ఆగి ఆలోచించాలి. క్యాంటీన్ రమ్ము ఇంట్లో ఉంటుంది, నిద్రకి ఆల్ప్రాజోలం అలవాటుంటుంది, పైన ట్రమడాల్ పడితే రాత్రి ఊపిరి మందగిస్తుంది. "మందు తాగుతారా" అంటే "అప్పుడప్పుడూ" అంటారు. "క్వార్టరు ఎన్నాళ్లొస్తుంది" అనడగండి, లెక్క బయటికొస్తుంది. ఎస్సిటాలోప్రాం (డిప్రెషన్ మందు) వాడుతుంటే ట్రమడాల్ కలపకండి, ఫిట్స్ ఉన్నవాళ్లకి అసలివ్వకండి. పీడకలలు, పటాసు చప్పుడుకి ఉలిక్కిపడటం, దీపావళికి గదిలోంచి రాకపోవడం ఉంటే సైకియాట్రిస్టు కూడా చూడాలి. ఈలోగా ఇంట్లోవాళ్ల ఫోనులో టెలిమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఎక్కించి పంపండి.

కాగితాల సంగతి ఒకటుంది. డిజేబిలిటీ పెన్షన్ తీసుకునేవాళ్లు "తగ్గిందని రాయకండి సార్" అంటారు. శాతం తేల్చేది మెడికల్ బోర్డు, మీ ఓపీ చీటీ కాదు. అయినా ఆ భయం నిజం. "మెరుగు" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, కొలిచింది రాయండి: నడక 200 మీటర్లు, మోకాలు 100 డిగ్రీలు వంగుతోంది, మందు మీద పీఈజీ 4. సర్వీసు వల్లే వచ్చిందని మీరు చూడని విషయం రాయకండి. పేషెంటు అలా చెప్పారని రాస్తే చాలు.

ఇచ్ఛాపురం, పార్వతీపురం నుంచి ప్రతిసారీ రమ్మంటే రారు, ఫోన్లో చూడక తప్పదు. 2020 మార్చి టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కిందికొచ్చే మందులు ఫోన్ మీద రాయకూడదు, 2018 నుంచి ట్రమడాల్ అందులోనే ఉంది. అందుకే ట్రమడాల్ మీదున్నవాళ్లని మనిషి వచ్చే విజిట్లలోనే ఉంచి, మిగతావాళ్ల మోతాదు మార్పులు, క్రియాటినిన్ రిపోర్టులు ఫోన్లో చూసుకోండి. రిపోర్టు ఫొటో పంపమన్నప్పుడు తేదీ, పేరు కనిపించేలా తీయమనండి. ఇంట్లో ఇద్దరి రిపోర్టులుంటే ఒకరిది ఇంకొకరి పేరున రావడం మామూలే.