1814 నాటి ఉత్తరంలో రహస్యం ఎలా దాచాలి?

గూఢచర్యం నేర్చుకుంటున్న మీ కథలోని హీరోయిన్ 1814 చివర్లో లండన్ నుంచి ఉత్తరంలో రహస్యం ఎలా పంపాలని అడిగారు కదండీ. ముందు మీ కథలో ఆ ఉత్తరం మీద పెట్టిన తపాలా స్టాంపు తీసేయండి, అది 1840లో గానీ రాలేదు. అప్పట్లో డబ్బు మామూలుగా ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టేవారు, కాగితాల లెక్కన, దూరాన్ని బట్టి. అందుకే చాలామంది పేజీ నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదే మళ్లీ రాసేవారు. చూసేవాళ్ల కళ్లు ఆ గజిబిజిలోనే చిక్కుకుంటాయి. అసలు మాట నిమ్మరసంతో అంచున రాయించండి, కొవ్వొత్తి సెగకి గోధుమరంగులో తేలుతుంది. విదేశీ ఉత్తరాలను గుట్టుగా విప్పి చదివే విభాగం బ్రిటిష్ తపాలా శాఖలోనే ఉండేది. ఓడిపోయిన ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ ఎల్బా దీవిలో ప్రవాసంలో ఉన్న రోజులవి, ఆ టెన్షన్‌ని తప్పకుండా వాడుకోండి.