వేరుశనగ లెక్కలతో ఎక్సెల్ నేర్చుకోబోతున్న అమ్మాయికి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ప్రాజెక్టు కోసం మన జిల్లా వేరుశనగ దిగుబడులనూ వర్షపాతాన్నీ ఎంచుకున్నావని చదివి చాలా సంతోషించాను. వాటిని ఎక్సెల్‌లో విశ్లేషించడం నేర్చుకోవడానికి ఏ కోర్సులో చేరాలో చెప్పమన్నావు. కోర్సు వద్దనను. అయితే ఉద్యోగకాలమంతా గణాంక శాఖలో పంట కోత ప్రయోగాల (ఎంచుకున్న కొన్ని పొలాల్లో పంట కోసి తూచి దిగుబడి అంచనా కట్టడం) లెక్కల మధ్యనే గడిపినవాణ్ణి కనుక అంతకన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. ఎక్సెల్ ఏ లెక్కనూ కాదనదు. పొంతన లేని అంకెల మీద ఫార్ములా వేసినా దశాంశ స్థానాలతో సహా జవాబు చూపిస్తుంది. ఆ జవాబును నమ్మవచ్చో లేదో తేల్చుకునే శక్తి ఫార్ములాలు కంఠస్థం చేస్తే రాదు. గడిలో ఉన్న అంకె ఏ పొలం నుంచి, ఏ వానమాపకం నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిస్తేనే వస్తుంది.

మొదటి కొన్ని రోజులు ఒక్క ఫార్ములా కూడా వేయవద్దు. ఒక మండలాన్ని, ఒక ఖరీఫ్‌ను తీసుకుని రోజువారీ వర్షపాతాన్ని నీ చేత్తోనే టైపు చెయ్యి. తయారుగా ఉన్న ఫైలును దించుకోవడం సులువే కానీ, ఒక్కొక్క అంకెనూ ఎక్కిస్తున్నప్పుడే ‘జులైలో ఇన్నాళ్లు చినుకే పడలేదా’ అన్న అనుమానం నీకు పుడుతుంది. విశ్లేషణ అక్కడే మొదలవుతుంది. ఒక నిలువు వరుసలో ఒకే కొలత, ఒకే ప్రమాణం ఉండాలి. దిగుబడి ఒక నివేదికలో ఎకరాకు క్వింటాళ్లలో, మరొక దానిలో హెక్టారుకు కిలోలలో ఉంటుంది. హెక్టారుకు 2.47 ఎకరాలు కనుక ఎకరాకు 4 క్వింటాళ్లంటే హెక్టారుకు 988 కిలోలని గుర్తుంచుకుని, ప్రమాణాన్ని శీర్షికలోనే రాసుకో.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఒకచోట బుక్కరాయసముద్రం అనీ, మరొకచోట బి.కె.సముద్రం అనీ ఉంటే పివట్ టేబుల్ (పేర్ల వారీగా అంకెలను కూర్చి చూపే పట్టిక) వాటిని రెండు మండలాలుగా చూపిస్తుంది. కాబట్టి ప్రతి మండలానికీ ఒక కోడు ఇచ్చి, లెక్కలన్నీ ఆ కోడుతోనే చెయ్యి. పొలం సర్వే నంబరును 12-3 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చివేస్తుంది, తరువాత ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు. ఎక్కించడానికి ముందే ఆ వరుసను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. పేర్లను కూడా ఎక్సెల్ ఇలా తేదీలుగా మార్చే బాధ పడలేకనే శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లను మార్చవలసి వచ్చిందని 2020లో చదివి ఆశ్చర్యపోయాను.

ఖాళీ గడి వేరు, సున్నా వేరు. ఐదు ఊళ్ల వర్షపాతం 40, 60, 20, 0 మిల్లీమీటర్లుగా ఉండి, ఐదో ఊరి లెక్క రాలేదనుకో. ఐదో గడిని ఖాళీగా వదిలితే సగటు 30 వస్తుంది, సున్నా వేస్తే 24 వస్తుంది. వాన పడలేదనడానికీ, కొలవలేదనడానికీ ఉన్న తేడా మన జిల్లాలో చిన్నది కాదు. ఏడాది మొత్తానికే సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే చోటు ఇది. ఒక షీటులోని ఖాళీ గడిని మరొక షీటు నుంచి ఫార్ములాతో పిలిస్తే అది సున్నాగా మారి వస్తుందని కూడా తెలుసుకో. సగటు తీసిన ప్రతిసారీ పక్కనే కౌంట్ ఫార్ములా వేసి, ఎన్ని అంకెలు లెక్కలోకి వచ్చాయో చూసుకోవడం అలవాటు చేసుకుంటే ఇలాంటివి వెంటనే బయటపడతాయి.

సగటు గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే నీ ప్రాజెక్టు మంచిచెడ్డలు చాలావరకు దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. ఒక మండలంలో ఎర్రనేలల్లో వానాధారంగా 10,000 ఎకరాలు సాగై ఎకరాకు 4 క్వింటాళ్లు, మరొక మండలంలో బోర్ల కింద 1,000 ఎకరాలు సాగై ఎకరాకు 8 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. రెండు దిగుబడుల సగటు 6 అని ఎక్సెల్ చెబుతుంది. కానీ పండిన మొత్తం 48,000 క్వింటాళ్లు, సాగైన మొత్తం 11,000 ఎకరాలు, భాగిస్తే 4.36 మాత్రమే వస్తుంది. రైతుల చేతికి వచ్చిన పంటను చెప్పేది ఈ రెండో అంకె. దీనికి, ప్రతి మండలం విస్తీర్ణాన్నీ దిగుబడినీ గుణించి అన్నిటినీ కూడే సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా వాడి, విస్తీర్ణం మొత్తంతో భాగించు. విస్తీర్ణం లేకుండా దిగుబడి మాత్రమే ఉన్న పట్టిక ఎవరు ఇచ్చినా దానితో జిల్లా సగటు కట్టవద్దు.

పెద్ద పండితుల ఫైళ్లలోనూ ఇటువంటి చిక్కులు వచ్చాయి. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు, ప్రభుత్వ అప్పు దేశ ఉత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని 2010లో ఒక వ్యాసంలో చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి వారి ఎక్సెల్ ఫైలు తెరిచి చూస్తే, సగటు ఫార్ములా 20 దేశాల వరుసలను తీసుకోవలసింది పోయి 15 వరుసల దగ్గరే ఆగిపోయి ఉంది. అంతకన్నా పెద్ద తేడా, సగటులో ఏ దేశానికి ఎంత తూకం ఇచ్చారన్న దానిలో కనిపించింది: అంత అప్పుతో 19 ఏళ్లు నడిచిన బ్రిటన్‌కూ, ఒక్క ఏడాది మాత్రమే లెక్కలోకి వచ్చిన న్యూజిలాండ్‌కూ సమాన విలువ ఇచ్చారు. వదిలేసిన సంవత్సరాలను కూడా చేర్చి అన్నీ సవరించాక, మైనస్ 0.1 శాతమన్న సగటు వృద్ధి 2.2 శాతమైంది. ఫార్ములా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గడి మీద రెండుసార్లు నొక్కితే కనిపిస్తుంది. నీ ఫైలులో ప్రతి మొత్తానికీ, ప్రతి సగటుకూ అలా చూడు.

మధ్యగతం, చతుర్థాంశాలు నీకు పాఠాల్లో వచ్చినవే కనుక వాటి మీద ఎక్కువ రాయను. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనానికి మాత్రం ఎక్సెల్‌లో రెండు ఫార్ములాలు ఉంటాయి: చివర ‘ఎస్’ ఉన్నది అంశాల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తుంది, ‘పీ’ ఉన్నది మొత్తం సంఖ్యతో భాగిస్తుంది. పంట కోత ప్రయోగాలు కొన్ని పొలాల నమూనాలు కాబట్టి నీకు కావలసింది మొదటిది.

అంకెలు చూసి తృప్తిపడక, ప్రతి జత వరుసలకూ చుక్కల పటం (ఒక వరుస అడ్డంగా, ఒకటి నిలువుగా తీసుకుని ప్రతి జతకూ ఒక చుక్క పెట్టే పటం) గీయమని మరీ మరీ చెబుతున్నాను. గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కూంబ్ 1973లో పదకొండేసి జతలున్న నాలుగు చిన్న పట్టికలు ప్రచురించాడు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, రెండు వరుసలూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం సుమారు 0.82, చుక్కలకు దగ్గరగా సాగే ప్రతిగమన రేఖ కూడా ఒకటే. పటం గీస్తే ఒకటి సరళరేఖ చుట్టూ ఉంటుంది, ఒకటి వంపు తిరుగుతుంది, ఒకదానిలో ఒక్క చుక్క రేఖను పక్కకు లాగుతుంది, మరొకదానిలో ఆ సంబంధమంతా ఒకే ఒక చుక్క వల్ల కలిగినది. ఆ నాలుగు పట్టికలను టైపు చేసి నీ కళ్లతో చూడు.

నీ విషయానికి ఇది నేరుగా వర్తిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసిన మొత్తం వానకూ దిగుబడికీ సహసంబంధం కడితే బలహీనంగా రావచ్చు. వానకూ పంటకూ సంబంధం లేదని అప్పుడు రాసివేయకు. ఊడలు (కాయ కట్టడానికి పూల నుంచి నేలలోకి దిగే కాడలు) దిగే వేళ, కాయ ఊరే వేళ బెట్ట, అంటే వాన లేని రోజుల వరుస, వస్తే, ఆ తరువాత ఎంత కురిసి మొత్తం సరిపోయినా పంట కోలుకోదు. అందుకని అతి పెద్ద బెట్ట ఎన్ని రోజులో మరొక వరుస కట్టు. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిసిన రోజునే వర్షపు రోజుగా లెక్కిస్తుంది. ఇఫ్ ఫార్ములాతో, అంతకన్నా తక్కువ కురిసిన రోజున పై గడికి ఒకటి కలపమనీ, లేకపోతే సున్నా వేయమనీ చెప్పి, చివర మ్యాక్స్ ఫార్ములాతో అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకుంటే చాలు. కొలవని రోజుల ఖాళీ గడులను ఈ ఫార్ములా బెట్టగానే లెక్కిస్తుంది కనుక ముందు వాటిని వేరు చేసుకో.

ఇంకొకటి, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. కదిరి, హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర ప్రాంతాలు అటు వెళ్లాయి. పాత అనంతపురం జిల్లా 63 మండలాల అంకెను ఇప్పటి జిల్లా అంకె పక్కన పెట్టి పటం గీస్తే సాగు ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపిస్తుంది. మండలాల వారీగా తీసుకుని, ఏదో ఒక సరిహద్దును ఎంచుకుని, అన్ని సంవత్సరాలకూ దాని ప్రకారమే కలుపు.

ప్రతిగమనం దాకా వచ్చినప్పుడు, గణాంక విశ్లేషణకు ఎక్సెల్‌లో ఉన్న అనాలిసిస్ టూల్‌పాక్‌ను యాడ్-ఇన్‌ల (అదనపు పనిముట్ల) నుంచి తెరుచుకోవచ్చు. అది ఇచ్చే పట్టిక మాత్రం, మూలంలో అంకె మార్చినా తనంతట తాను మారదు. సవరించిన ప్రతిసారీ మళ్లీ నడపాలి. ఎక్సెల్ కొనలేకపోతే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ నీ పనికి సరిపోతుంది.

ఫైలు సిద్ధమయ్యాక నాకు పంపు. మూలం అంకెల షీటును తాకకుండా విడిగా ఉంచి, మొదటి షీటులో ఏ అంకె ఏ కార్యాలయం నుంచి ఏ తేదీన తీసుకున్నావో, దేనిని ఎందుకు సవరించావో వివరంగా రాసి పంపితే, నేను ఒక్కొక్క గడీ చూసి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాయన